గడ్డి మందు షాపుకు వెళ్లే ముందు
(వానాకాలం సాగుకు ముందు ఒక రైతు వేదికలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినబడుతోందా? సరే. ముందుగా ఒకటి అడుగుతాను, చేతులెత్తాల్సిన పని లేదు, మనసులో జవాబు చెప్పుకుంటే చాలు. విత్తనాలు ఇంకా కొనకముందే గడ్డి మందు డబ్బా తెచ్చి ఇంట్లో పెట్టుకున్నవాళ్లు ఇక్కడ ఎంతమంది? (నవ్వులు) చాలు, అర్థమైంది.

మీ మీద తప్పు మోపడానికి రాలేదు. కలుపు తీయడానికి మనుషులు దొరకడం లేదు. వాన పడి నాలుగు రోజులు తెరిపి ఇచ్చిందంటే ఊరు ఊరంతా అదే వారంలో అదే కూలీల కోసం ఫోన్లు చేస్తుంది, పొద్దున ఒక రేటు, సాయంత్రానికి ఇంకో రేటు. పైగా ఎవరూ పెద్దగా మాట్లాడని సంగతి, రోజంతా నడుం వంచి కలుపు తీసేది ఎక్కువగా ఆడవాళ్లే. నడుం నొప్పి, మోకాళ్ల నొప్పి వాళ్లవి. కాబట్టి ఫ్యాను కింద కూర్చుని "మందు వద్దు, చేత్తో తీయించండి" అనేవాళ్ల మాట నేను పట్టించుకోను. నా మాట వేరు. మందు దాకా పోకముందు చేయాల్సిన పనులు నాలుగైదు ఉన్నాయి, అవన్నీ మెల్లమెల్లగా వదిలేశాం, అందుకే చివర చేయాల్సిన పని మొదటికి వచ్చి కూర్చుంది. దాన్ని మళ్లీ చివరికి పంపిస్తే కొట్టాల్సిన మందు తగ్గుతుంది, కొట్టక తప్పనప్పుడు కూడా ఏది కొట్టాలో ఆలోచించుకునే తీరిక ఉంటుంది. కలుపు మోకాలి ఎత్తు పెరిగాక ఆలోచన ఉండదు, షాపులో ఏది "గట్టిగా పని చేస్తుంది" అంటే అది తెచ్చేస్తాం.

మొదటిది, అసలు మన చేలోకి కలుపు ఎక్కడి నుంచి వస్తోంది? సగం మనమే తెచ్చుకుంటున్నాం. పచ్చి పెంట తోలుతాం, పశువు తిన్న గడ్డి గింజలు అందులో బతికే ఉంటాయి, అదే పెంట కుప్ప వేసి బాగా మాగనిస్తే ఆ వేడికి చాలా గింజలు చస్తాయి. కోత మిషన్ పక్క ఊరి మడిలోంచి నేరుగా మన మడిలోకి దిగుతుంది, దాని లోపల ఊద గడ్డి గింజలు ఎన్ని ఉన్నాయో ఎవరూ చూడరు. దిగే ముందు డ్రైవర్‌తో ఒక్క పది నిమిషాలు ఊడ్పించి, దులిపించండి, గొణుగుతాడు, గొణగనివ్వండి. చెరువు ఒండ్రు మంచిదే, చెరువుల పూడికతీత పథకం మిషన్ కాకతీయ మొదలైన 2015 నుంచి చాలామంది తోలుకున్నారు, కానీ ఒండ్రుతో పాటు తుంగ గడ్డలు కూడా వచ్చే వీలుందని గుర్తు పెట్టుకోండి. ఇక గట్లు. చేను అద్దంలా ఉంచుకుని గట్టు మీద వయ్యారిభామను పూతకు వదిలేసేవాళ్లను చాలామందిని చూశాను. ఆ ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది, పది వేలు కూడా దాటుతుంది. మన దేశంలో దీన్ని మొదట గుర్తించింది 1950ల మధ్యలో పుణె దగ్గర, దిగుమతి గోధుమలతో వచ్చిందంటారు, ఇప్పుడు అది లేని ఊరు చూపించండి. పూత రాకముందే పీకేయాలి, అది కూడా చేతులకు తొడుగులు వేసుకుని, లేకపోతే దురదలు, కొందరికి ఆయాసం.

రెండోది, నాకు చాలా ఇష్టమైన పద్ధతి, పైసా ఖర్చు లేనిది, ఓపిక మాత్రం కావాలి. తొలకరి పడగానే విత్తనం వేయాలని అందరికీ ఆత్రం. నీటి వసతి ఉన్నవాళ్లు, లేదా కాస్త ముందుగా వానలు పడ్డ ఏడాది, దుక్కి సిద్ధం చేసి వారం పది రోజులు ఆగండి. పై పొరలో ఉన్న కలుపు గింజలు ముందు మొలుస్తాయి. అవి రెండాకుల మీద ఉండగా గుంటుకతో పైపైన గీకేసి, అప్పుడు విత్తండి. ఇక్కడ అందరూ పొరపాటు పడేది ఒకటుంది, గీకమంటే మళ్లీ లోతుగా దున్నేస్తారు. లోతుగా దున్నితే అడుగున నిద్రపోతున్న గింజలన్నీ పైకి వచ్చి కొత్తగా కలుపు మొదలవుతుంది. రెండు మూడు అంగుళాలు దాటకూడదు. పూర్తిగా వర్షం మీద ఆధారపడ్డ చెలకల్లో అదను పోతుందంటే ఆగమని నేను చెప్పను, అదను ముఖ్యం. కానీ బోరు కింద మిరప, కూరగాయలు వేసేవాళ్లకు ఆగకపోవడానికి కారణమేమీ లేదు.

మూడోది సమయం. పంట కాలమంతా కలుపు ఒకేలా నష్టం చేయదు, ఎక్కువ నష్టం చేసే గడువు ఒకటుంది. వరిలో నాటిన 40, 45 రోజులు, వేరుశనగలో మొదటి 45 రోజులు, పత్తిలో, మిరపలో మొదటి 60 రోజులు. ఆ గడువులో చేను శుభ్రంగా ఉంటే తర్వాత పంట ఆకు కమ్ముకుని నీడతోనే కలుపును తొక్కేస్తుంది. తర్వాత వచ్చే నాలుగు మొక్కల కోసం మందు కొట్టడం డబ్బు దండగ, అవి గింజ కట్టకముందు పీకేస్తే చాలు. వేరుశనగలో అయితే 45 రోజుల తర్వాత చేలో గుంటుక తిప్పనే కూడదు, కాయ కట్టే ఊడలు నేలలోకి దిగుతుంటాయి, మట్టి కదిపితే కాయ పోతుంది.

పత్తి దగ్గర ఒక మాట. మన పెద్దవాళ్లు నిలువూ అడ్డం అచ్చు తోలి, ఆ గీతలు కలిసిన చోట గింజ పెట్టేవాళ్లు. దాంతో గుంటుక రెండు వైపులా తిరిగేది, చెట్టు మొదట్లో మిగిలిన కొంచెం గడ్డికే మనిషి కావాల్సి వచ్చేది. ఇప్పుడు ఒకవైపు సాలు పెట్టి చెట్లను దగ్గర దగ్గరగా వేసి, అడ్డంగా గుంటుక పోదు కాబట్టి మందు కొడుతున్నాం. ఎద్దులు లేవంటారు, నిజమే, ఇంజనుతో కలుపు తీసే పవర్ వీడర్‌ను నలుగురు రైతులు కలిసి కొనుక్కోండి, అద్దెకైనా తెచ్చుకోండి. గుంటుక తోలిన తర్వాత రెండు మూడు గంటలు ఎండ కాయాలి, ముసురులో తోలితే గంగవాయిలి లాంటివి ముక్క ముక్కా మళ్లీ వేరు పట్టి లేస్తాయి.

గంగవాయిలి అన్నాను కాబట్టి. (నవ్వులు) అక్కలు నవ్వుతున్నారు, దాంతో పప్పు వండుతారు మరి. చెంచలికూర, తుమ్మికూర, పొన్నగంటి, దొగ్గలికూర, అటికమామిడి, ఇవన్నీ మన పుస్తకాల్లో కలుపు మొక్కలే, మన పళ్లెంలో కూరలు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డీడీఎస్ (డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ) అనే సంస్థ మహిళా సంఘాలవాళ్లు ఇలా విత్తకుండా వచ్చే కూరలను గుర్తించి, వాటి గురించి నలుగురికీ చెబుతూ వచ్చారు. గునుగు సంగతి చూడండి, చేలో ఉంటే కలుపు, బతుకమ్మ నాడు అది లేకపోతే పండగ లేదు, ఇప్పుడు ఆ గునుగు పువ్వును మార్కెట్లో కొనుక్కుంటున్నాం. అన్నీ చేలో ఉంచుకోమనడం లేదు. మందు కొట్టిన చేలో మాత్రం కూర ఏరకండి, ఎవరినీ ఏరనివ్వకండి. కొట్టిన రోజు చేను దగ్గర కర్రకు ఒక గుడ్డ కట్టండి, కూలికి వచ్చినవాళ్లకు తెలియాలి కదా.

వరి రైతులకు. మడిలో నీళ్లు సమంగా నిలబడితే సగం కలుపు మొలవదు, అందుకే దమ్ము తర్వాత చదును చేయడం మీద పెట్టిన ఖర్చు మందు ఖర్చులోంచి వెనక్కి వస్తుంది. మెరకగా ఉన్న చోటే ఊద ఎందుకు వస్తుందో ఒకసారి మీ మడిలోనే చూడండి. వరి నాటడంలో శ్రీ పద్ధతి గుర్తుందా? 2003 ఖరీఫ్‌లో ఉమ్మడి రాష్ట్రంలో వ్యవసాయ విశ్వవిద్యాలయం మొదలుపెట్టింది. లేత నారు 25 సెంటీమీటర్ల దూరంలో నాటి, పది పన్నెండు రోజుల నుంచి కోనో వీడర్, అంటే సాళ్ల మధ్య చేత్తో తోసే కలుపు పనిముట్టు, తోయడం. నాటు కూలీలతో గొడవ, లేత నారు భయం, చాలామంది వదిలేశారు. కానీ ఆ పద్ధతి మొత్తం పాటించకపోయినా సాళ్లలో నాటి వీడర్ తిప్పొచ్చు. వీడర్ కలుపును పీకి బయట పారేయదు, బురదలోకి తొక్కుతుంది, అదే ఎరువవుతుంది, వేళ్లకు గాలి ఆడుతుంది. వెదజల్లే వరి వేసేవాళ్లకు ఈ సౌకర్యం లేదు, కలుపు, వరి ఒకేసారి మొలుస్తాయి, గుర్తుపట్టడమే కష్టం. వెదజల్లడం కన్నా డ్రమ్ సీడర్‌తో సాళ్లలో వేసుకోండి, అప్పుడు మధ్యలో మనిషో మిషనో పోవడానికి దారి ఉంటుంది.

కూరగాయలు, మిరపలో మల్చింగ్ షీటు చాలామంది వేస్తున్నారు. బాగుంటుంది, కలుపు రాదు, తేమ ఆరదు. పంట అయిపోయాక ఆ షీటును రోటవేటర్‌తో మట్టిలో కలిపేస్తున్నారు చూడండి, అది మాత్రం ఘోరం. వరిగడ్డి దొరికేచోట అది పరవండి. ఆంధ్రలో ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లు వానలకు ముందే నవధాన్యాలు చల్లి నేల ఖాళీగా లేకుండా చూస్తున్నారు, దాని వెనకున్న లెక్క చిన్నదే, ఖాళీ నేల ఉంటే కలుపు వస్తుంది. పచ్చిరొట్ట కోసం జీలుగో జనుమో ఒత్తుగా వేసి పూతకు వచ్చే సమయానికి కలియదున్నితే ఎరువుకు ఎరువు, ఆ నీడ కింద కలుపు ఎదగదు.

ఇప్పుడు మందులు. అడుగుతారని తెలుసు, దాటేయను.

ముందు పారాక్వాట్. ఊళ్లో "గడ్డి మందు తాగి చనిపోయాడు" అన్న వార్త వస్తే చాలాసార్లు అది ఇదే. దీనికి విరుగుడు లేదు. ఒకటి రెండు గుక్కలు చాలు, మనిషి మొదటి రోజు మాట్లాడుతూనే ఉంటాడు, తర్వాత కిడ్నీలు, ఊపిరితిత్తులు దెబ్బతిని కళ్ల ముందే పోతాడు. యూరప్‌లో 2007 నుంచి లేదు, కేరళ 2011లో నిషేధించింది, చైనా 2016లో ద్రవ రూపంలో అమ్మకం ఆపేసింది. నా అభిప్రాయం అడిగితే ఇది రైతు ఇంట్లో ఉండకూడని వస్తువు. కోపంలోనో అప్పుల టెన్షన్‌లోనో ఉన్న మనిషికి చేతికందే దూరంలో ఉండటమే దీని అసలు ప్రమాదం. ఎవరైనా తాగారని అనుమానం వచ్చినా వాంతులు చేయిస్తూ, పసర్లు పోస్తూ గంటలు పోగొట్టకండి, డబ్బా వెంట పట్టుకుని వెంటనే పెద్దాసుపత్రికి. కొట్టేవాళ్లకు కూడా చెబుతున్నా, పంపు కారి వీపు తడిసి అలాగే రోజంతా తిరిగితే చర్మం పుండ్లు పడి, అక్కడి నుంచి ఒంట్లోకి పోతుంది. ఏ కలుపు మందునైనా సరే తాగే నీళ్ల బాటిల్లోకి, మద్యం సీసాలోకి ఒంపి దాచకండి.

గ్లైఫోసేట్. 1974 నుంచి ప్రపంచమంతా అమ్ముతున్నారు. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని "బహుశా క్యాన్సర్ కలిగించేది" అన్న జాబితాలో పెట్టింది. అమెరికా, యూరప్ నియంత్రణ సంస్థలు మాత్రం ఆ ప్రమాదం ఉండే అవకాశం తక్కువన్నాయి, యూరప్ 2023లో ఇంకో పదేళ్లు అనుమతి కూడా ఇచ్చింది. రెండూ చెబుతున్నా, ఒకటి చెప్పి ఒకటి దాచను. మన దగ్గర సంగతి వేరు. దేశంలో దీనికి అనుమతి ఉన్నది తేయాకు తోటలకు, పంట లేని చోట్లకు. 2018లో రెండు తెలుగు రాష్ట్రాలూ అమ్మకాల మీద ఆంక్షలు పెట్టాయి, 2022 అక్టోబర్లో కేంద్రం పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారా తప్ప వాడకూడదని నోటిఫికేషన్ ఇచ్చింది. మరి మన పత్తి చేలల్లో ఇంత ఎలా పారుతోంది? ఈ మందు కొట్టినా చావని పత్తి అంటూ, బీజీ-3 అని చెప్పి చాటుగా అమ్మే ఆ విత్తనాల వల్ల. దానికి అనుమతి లేదు, బిల్లు ఉండదు, మొలవకపోయినా కాయ పట్టకపోయినా అడిగే హక్కు ఉండదు. పైగా ఒకే మందు మీద ఏళ్ల తరబడి ఆధారపడితే కలుపు మొండికేస్తుంది. పంజాబ్, హర్యానా గోధుమ రైతులకు 1990లలో అదే జరిగింది, గుల్లీ దండా అని ఒక గడ్డి, ఐసోప్రోట్యూరాన్ అనే కలుపు మందు ఎంత కొట్టినా చావడం మానేసింది.

ఇక అనుమతి ఉన్నవాటిలో ఎలా ఎంచుకోవాలి? నేను అడిగే ప్రశ్నలు ఇవి. ఏ కలుపు మీద, గడ్డి జాతా, వెడల్పాకా, తుంగా? ఎంత వయసులో ఉంది? పక్క చేలో ఏముంది? తర్వాత ఏ పంట వేస్తాను? చివరి ప్రశ్నను ఎవరూ అడగరు. మొక్కజొన్నలో అట్రజిన్ ఎక్కువ కొట్టి వెనకనే పెసరో మినుమో వేస్తే నేలలో మిగిలిన మందుకు మొలక దెబ్బతినొచ్చు.

పత్తి, మిరప, వేరుశనగలో విత్తిన లేదా నాటే సమయంలో పెండిమెథాలిన్ లాంటిది తేమ ఉన్న నేల మీద కొడితే మొదటి నెల కొంత ఊరట. విత్తిన 24 నుంచి 48 గంటల్లో కొట్టాలి, పొడి నేల మీద కొడితే దండగే. వరిలో ప్రెటిలాక్లోర్ ఎకరానికి అర లీటరు, ఇసుకలో కలిపి నాటిన మూడు నుంచి ఐదు రోజుల్లో, పలచగా నీళ్లు నిలబెట్టి. తర్వాత కలుపు వస్తే 15 నుంచి 25 రోజుల మధ్య, రెండు నాలుగు ఆకుల మీద ఉన్నప్పుడు బిస్‌పైరిబాక్ సోడియం ఎకరానికి 100 మి.లీ. పత్తిలో గడ్డి జాతికి క్విజలోఫాప్, వెడల్పాకుకు పైరిథయోబాక్, ఇవి కూడా కలుపు చిన్నగా ఉన్నప్పుడే. మోతాదు డబ్బా మీది కాగితం చూసి వేయండి, షాపతను చేత్తో చూపించిన మూత కొలత చూసి కాదు. డబ్బా మీద రంగు త్రికోణం ఉంటుంది, ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ. అది వెంటనే ఎంత విషమో చెబుతుంది, పదేళ్లు వాడితే ఏమవుతుందో చెప్పదు, అందుకని ఆకుపచ్చ ఉంది కదా అని చేతులు కడుక్కోకుండా బీడీ వెలిగించకండి.

ఎకరానికి 200 లీటర్ల నీళ్లు అన్నది లెక్క. 16 లీటర్ల పంపుతో పన్నెండు పదమూడు పంపులు. మనవాళ్లు ఆరు పంపుల్లో ముగించి ఎకరం మందు వాటిల్లోనే పోస్తారు. ముందు ఉత్త నీళ్లతో కొట్టి చూసుకోండి, మీ నడకకు, మీ పంపుకు ఎన్ని పడతాయో. ఫ్లాట్ ఫ్యాన్ నాజిల్ వాడండి, పురుగు మందు కొట్టే నాజిల్‌తో, పవర్ స్ప్రేయర్‌తో కలుపు మందు కొడితే పొగలాగా లేచి పక్క చేను మీద పడుతుంది. గాలి లేని పొద్దున పూట కొట్టండి.

ఈ మధ్య ఫోన్లో వీడియోలు చూసి ఉప్పు, నిమ్మరసం, సబ్బు కలిపి కలుపు మందు తయారు చేస్తున్నారు. ఉప్పుతో కలుపు మాడుతుంది, నిజమే. ఆ ఉప్పు ఎక్కడికి పోతుంది? మీ నేలలోకే. ఇంటి ముందు రాళ్ల మధ్య పోసుకోండి, సాగు భూమిలో మాత్రం వద్దు. కంపెనీ డబ్బాలో రాలేదు కాబట్టి మంచిదే అనుకోవడం కూడా ఒక మూఢనమ్మకమే.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక రైతు: సార్, తుంగకు ఏం చేసినా పోవట్లేదు.)

పైన పీకితే పోదు అన్నా, అసలు సరుకు కింద గడ్డల్లో ఉంది. రోటవేటర్ తిప్పితే ఆ గడ్డలు విడిపోయి చేనంతా పరుచుకుంటాయి, మీరు దాన్ని నాటినట్టే లెక్క. ఏప్రిల్, మేలో పొడి నేలను లోతుగా దున్ని గడ్డలు ఎండకు బయటపడేలా వదిలేయండి. దుక్కి మీద తిరుగుతూ చేతికి దొరికినవి ఏరించండి. తుంగకు నీడంటే పడదు, అందుకని దుక్కి తర్వాత జీలుగు ఒత్తుగా చల్లండి. ఒక్క ఏడాదిలో పోదు, రెండు మూడేళ్లలో తగ్గడం మీకే తెలుస్తుంది. మొక్కజొన్న, చెరకులో అయితే తుంగ మీద పనిచేసే హాలోసల్ఫ్యూరాన్ ఉంది, ఎకరానికి 36 గ్రాములు. నారుమడి వరకైతే ఎండాకాలంలో తడిపి, తెల్లటి పారదర్శక పాలిథిన్ షీటు అంచులు మట్టితో మూసి నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచితే చాలా కలుపు గింజలు ఉడికిపోతాయి. నల్ల షీటుకు ఆ వేడి రాదు, తుంగ గడ్డలకు ఇది అంతగా పనిచేయదు.

(ఇంకొక రైతు: పోయినసారి మా పత్తి ఆకులు బెండాకుల్లా చీలి సన్నగా అయ్యాయి. వైరస్ అన్నారు, రెండు సార్లు మందు కొట్టాను, పోలేదు.)

పక్కన ఏముంది, వరా? మొక్కజొన్నా? ... ఆ, మొక్కజొన్న. అది వైరస్ కాకపోవచ్చు, మీరు చెప్పినదాన్ని బట్టి టూ ఫోర్ డీ (2,4-డి) అనే కలుపు మందు దెబ్బ. వెడల్పాకు కలుపుకు కొడతారు, పత్తికి అది మహా పడదు, గాలికి కొంచెం వచ్చి పడ్డా, అదే పంపు సరిగ్గా కడగకుండా పత్తిలో వాడినా ఆకు అలా వేళ్లలా చీలిపోతుంది. పురుగు మందు కొడితే ఏం పోతుంది, డబ్బు పోతుంది. తక్కువ తగిలితే కొత్త ఆకు మామూలుగా వస్తుంది, నీళ్లు పెట్టి, ఎరువు వేసి చూడండి. కలుపు మందుకు విడిగా ఒక పంపు పెట్టుకోండి, దాని మీద పెయింటుతో రాయండి. పక్క రైతుతో గొడవ పడే ముందు ఈ ఏడాది మీ ఊరి వాట్సాప్ గ్రూపులో ఒక కట్టుబాటు పెట్టుకోండి, ఎవరు టూ ఫోర్ డీ కొట్టాలన్నా ముందు రోజు అందులో చెప్పాలి, పత్తి వైపు గాలి ఉంటే ఆగాలి. చట్టం కన్నా ఇది త్వరగా పనిచేస్తుంది.

సరే, టైమైపోయింది. బయట రెండు రకాల సైకిల్ వీడర్లు, ఒక కోనో వీడర్ పెట్టించాం. చూసి వెళ్లడం కాదు, తోసి చూడండి. ముందు అక్కలు తోయాలి, అన్నలు తర్వాత, ఎందుకంటే వీటిలో చాలావాటికి హ్యాండిల్ ఎత్తు మగవాళ్లను చూసి పెట్టిందే. ఎవరికి ఎత్తయిందో, ఎవరికి బరువైందో బయట మా అబ్బాయి దగ్గర నోట్‌బుక్ ఉంది, అందులో రాయించండి, తయారు చేసేవాళ్లకు అదే పంపిస్తాం.